సొంత పడవ లేకుండా బాస్ చేపల పోటీలో దిగడం ఎలా?

"నాకు పడవ లేదు. పోటీలో దిగే దారి ఉందా?" వారానికి ఒక్కరైనా ఈ ప్రశ్న అడుగుతారు. ఉంది, వేరొకరి పడవలో వెనక నిలబడి దిగవచ్చని చెప్పగానే రెండో ప్రశ్న వస్తుంది: "ముందు నిలబడిన ప్రొఫెషనల్ మంచి చోట్లన్నీ తానే చూసుకుంటే, వెనక ఉన్న నాకేం పడుతుంది?" ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాయడం మేలనిపించింది. ఇక్కడ చెప్పేదంతా అమెరికా సరస్సుల మీద జరిగే, పట్టిన చేపల మొత్తం బరువుతో గెలుపు తేలే బాస్ (ఒక రకం మంచినీటి చేప) పోటీల గురించి.

ముందుగా రెండు పాత్రలు తెలుసుకోండి. పడవ తెచ్చేవారిని బోటర్ అంటారు. ఎక్కడికి వెళ్లాలి, ఎంతసేపు ఆగాలి, పడవ ఏ వైపు తిరగాలి అన్నీ బోటర్ ఇష్టం. పడవ లేకుండా వచ్చి వెనక డెక్కు మీద నిలబడేవారు కో-యాంగ్లర్. 1967లో రే స్కాట్ ఆర్కన్సాలోని బీవర్ సరస్సు మీద పెద్ద పోటీ పెట్టి ఈ క్రీడకు ఒక రూపం ఇచ్చినప్పటి నుంచీ, పరిచయం లేని ఇద్దరు ఒకే పడవలో కూర్చోవడం, ఒకరి చేపకు ఇంకొకరు సాక్షిగా ఉండడం ఈ పోటీలకు వెన్నెముకగా వస్తోంది. మొదట్లో ఆ ఇద్దరూ సమానులే, ఒకరికొకరు పోటీదారులే. ఇప్పుడు చాలా పోటీల్లో బోటర్లకు బోటర్లతో, కో-యాంగ్లర్లకు కో-యాంగ్లర్లతో పోటీ. ఫీజులు వేరు, బహుమతులు వేరు.

అంటే మీ పడవలో ఉన్న ప్రొఫెషనల్ మీకు ప్రత్యర్థి కాదు. మీ పోటీ ఆ రోజు మిగతా పడవల వెనక డెక్కుల మీద నిలబడ్డ వాళ్లతో. వాళ్లందరిదీ మీ పరిస్థితే: ముందున్న మనిషి వదిలిన నీళ్లలోనే వాళ్లూ పట్టాలి. ఈ సంగతి మనసుకు ఎక్కితే సగం పని అయినట్టే.

కావలసినవి

- పోటీ జరిగే రాష్ట్రపు చేపల లైసెన్సు. సరస్సు రెండు రాష్ట్రాల సరిహద్దులో ఉంటే ఏ లైసెన్సు చెల్లుతుందో ముందే కనుక్కోండి.
- పోటీ నడిపే సంస్థలో సభ్యత్వం, ఎంట్రీ ఫీజు. 18 ఏళ్లు నిండనివారికి తల్లిదండ్రుల సంతకం కావాలి.
- మీ ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్, కోస్ట్ గార్డ్ ఆమోదం ఉన్నది. బోటర్ దగ్గర ఉంటుందిలే అనుకుని వెళ్లకండి.
- నాలుగైదు రాడ్లు, ఒక్కటంటే ఒక్క సామాను సంచి.
- వానకోటు, వేడి బట్టలు. జులైలో కూడా తెల్లవారుజామున గంటకు 60, 70 మైళ్ల వేగంతో వెళ్లే పడవలో చలి కోస్తుంది.
- పోలరైజ్డ్ కళ్లద్దాలు, మెడకు తాడుతో.
- కొలబద్ద, చిన్న త్రాసు, మీ సొంత రంగు కల్ టాగులు (ఏ చేప మీదో తెలిసేలా తగిలించే గుర్తులు), శ్రావణం, దారం కోసే కత్తెర.
- మచ్చ పడని అడుగున్న బూట్లు, తిండి, నీళ్లు.

అరటిపండు మాత్రం తీసుకెళ్లకండి. పడవలో అరటిపండు ఉంటే చేప పడదని అమెరికాలో గాలం వేసేవాళ్లలో చాలామందికి గట్టి నమ్మకం. మీకు నమ్మకం ఉన్నా లేకున్నా, ఎనిమిది గంటలు కలిసి గడపాల్సిన మనిషి మనసు ఉదయమే చిన్నబుచ్చడం ఎందుకు?

1. తగిన పోటీని ఎంచుకోండి

మొదటిసారి మూడు రోజుల పెద్ద పోటీకి వెళ్లవద్దు. ఎం.ఎల్.ఎఫ్. (మేజర్ లీగ్ ఫిషింగ్) సంస్థ నడిపే బాస్ ఫిషింగ్ లీగ్ పోటీలు ఎక్కువగా ఒక రోజువే, వారాంతంలోనే జరుగుతాయి. కో-యాంగ్లర్లకు అక్కడ విడిగా విభాగం ఉంటుంది. ఇంకా మెల్లగా మొదలుపెట్టాలనుకుంటే మీ దగ్గరలోని బాస్ నేషన్ (స్థానిక క్లబ్బుల సంఘం) క్లబ్బులో చేరండి. అక్కడా పడవ ఉన్నవారూ లేనివారూ కలిసే దిగుతారు. ఒక ఏడాది క్లబ్బులో తిరిగి, తర్వాత లీగుకు, ఆ తర్వాతే పూర్తి ప్రొఫెషనల్స్ దిగే మూడు రోజుల సిరీస్‌కు వెళ్లడం నేను సిఫారసు చేసే వరస.

పోటీ పడడం కన్నా పెద్ద ఆటగాళ్లు ఎలా ఆలోచిస్తారో చూడాలన్నదే మీ కోరికైతే, బాస్‌మాస్టర్ ఎలైట్ సిరీస్‌లో మార్షల్‌గా నమోదు చేసుకోవచ్చు. మార్షల్ గాలం వేయకూడదు. ప్రొఫెషనల్ పడవలో కూర్చుని చేపలను నమోదు చేయడం, నిబంధనలు పాటిస్తున్నారో లేదో గమనించడం అతని పని. నేర్చుకోవడానికి అంతకన్నా మంచి సీటు లేదు.

వాల్ఐ చేపల పోటీలంటే లెక్క వేరు. నేషనల్ వాల్ఐ టూర్‌లో ప్రొఫెషనల్, కో-యాంగ్లర్ కలిసి పట్టిన చేపల బరువు ఇద్దరి ఖాతాలోనూ పడుతుంది. అక్కడ మీరు సాయానికి వచ్చిన మనిషి, వాళ్లు చెప్పినట్టు చేయడమే మీ ఎత్తుగడ. ఈ వ్యాసం తూకం ఎవరిది వారికే ఉండే బాస్ పోటీలకు మాత్రమే వర్తిస్తుంది.

2. నిబంధనల పత్రాన్ని పెన్సిలుతో చదవండి

ఒకే సంస్థ పోటీల్లో కూడా సరస్సును బట్టి నిబంధన మారుతుంది. ఈ కింది వాటికి జవాబు దొరికిందా అని గుర్తు పెట్టుకుంటూ చదవండి.

తూకానికి ఎన్ని చేపలు తేవచ్చు? బోటర్లకు సాధారణంగా ఐదు. కో-యాంగ్లర్లకు కొన్నిచోట్ల ఐదు, కొన్నిచోట్ల మూడే.

ఎంత పొడవు? టెక్సస్‌లోని శామ్ రేబర్న్ సరస్సులో లార్జ్‌మౌత్ (పెద్ద నోటి బాస్) కనీసం 14 అంగుళాలు ఉండాలి. అలబామాలోని గంటర్స్‌విల్‌లో 15. టెక్సస్‌లోనే ఉన్న లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న చేపను వదిలేయాల్సిందే. అలవాటు పడ్డ సరస్సు కొలతను కొత్త సరస్సుకు మోసుకెళ్లకండి.

ఎప్పటికి తిరిగి రావాలి? చాలా పోటీల్లో నిమిషం ఆలస్యానికి తూకంలో ఒక పౌండు కోత. 15 నిమిషాలు దాటితే ఆ రోజు చేపలన్నీ పోయినట్టే. ఆలస్యం చేసింది బోటరే అయినా కోత మీకూ పడుతుంది.

చచ్చిన చేపకు ఎంత కోత? పోటీని బట్టి ఒక్కో చేపకు 4 ఔన్సులో 8 ఔన్సులో తీస్తారు. పౌండుకు 16 ఔన్సులు కనుక ఇది చిన్న విషయం కాదు. కో-యాంగ్లర్ల పట్టికలో ఐదో స్థానానికీ పదో స్థానానికీ మధ్య తేడా చాలాసార్లు అంతకన్నా తక్కువే.

చేతివల వాడవచ్చా? కొన్ని పోటీల్లో వాడవచ్చు, కొన్నిటిలో నిషేధం.

నీళ్లలో దిగరాని రోజులు ఎప్పటి నుంచి? పోటీకి ముందు ఆ సరస్సు మీదకు వెళ్లకూడని, ఎవరి నుంచీ సమాచారం అడగకూడని గడువు ఉంటుంది.

ఇక అందరికీ తెలిసినవి: ప్రాణమున్న ఎర పనికిరాదు, కృత్రిమ ఎరలే వాడాలి. ఒకసారి ఒక రాడ్డే నీళ్లలో ఉండాలి. పెద్ద ఇంజను నడుస్తున్నంతసేపూ లైఫ్ జాకెట్ బిగించి ఉండాలి. డబ్బు గెలిచినవారిని పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే) పరీక్షకు కూర్చోబెట్టే హక్కు నిర్వాహకులకు ఉంటుంది. దీన్ని అవమానంగా తీసుకోవద్దు. 2022లో ఈరీ సరస్సు మీద జరిగిన ఒక వాల్ఐ పోటీలో గెలిచిన చేపల కడుపుల్లో సీసపు గుండ్లు బయటపడ్డాయి. నిజాయితీగా పట్టేవాళ్లను కాపాడేది ఇలాంటి తనిఖీలే.

3. జత తెలియగానే బోటర్‌కు ఫోన్ చేయండి

పోటీ ముందురోజు సాయంత్రం జతల జాబితా వస్తుంది. సమావేశంలో చెబుతారు, లేదా సందేశం పంపుతారు. బోటర్ పిలుస్తారని కాచుకుని కూర్చోకండి, మీరే పిలవండి. ఐదు నిమిషాలు చాలు. అడగవలసినవి ఇవి:

- ఎక్కడ, ఎన్ని గంటలకు కలవాలి?
- ఎన్ని రాడ్లు తెస్తే ఇబ్బంది ఉండదు?
- ఎంత లోతులో, ఎలాంటి నీళ్లలో ఉంటాం? గట్టు వెంబడా, డాక్‌ల (గట్టున పడవలు కట్టే వేదికల) దగ్గరా, నడి సరస్సులోనా?
- ఉదయం పడవ దింపడానికి నేనేం చేయాలి?
- పెట్రోలుకు నా వంతు ఎంత ఇవ్వమంటారు?

మూడో ప్రశ్న అడిగే తీరు ముఖ్యం. "ఏ ఎర వేస్తున్నారు, ఎక్కడ పట్టారు?" అని అడగకండి. వాళ్లు రోజుల తరబడి వెతుక్కున్న చేపలవి, మిమ్మల్ని ఇంకా చూడనైనా లేదు. లోతు, నీటి తీరు అడిగితే సంతోషంగా చెబుతారు. మీకు కావలసింది కూడా అంతే.

పెట్రోలు డబ్బు ఇవ్వడం మర్యాద. నిబంధనల్లో మొత్తం రాసి ఉంటే అంతే ఇవ్వండి. లేకపోతే అడగండి. కొందరు వద్దంటారు, అయినా అడగడం మీ ధర్మం. బహుమతి పంచుకుందామని ఒప్పందం మాత్రం ఎవరితోనూ చేసుకోకూడదు, అది నిబంధనలకు విరుద్ధం.

4. సామాను సగానికి తగ్గించండి

ఇంట్లో అన్నీ సర్దుకోండి, తర్వాత అందులో సగం తీసేయండి. వెనక డెక్కు చిన్నది. మీ రాడ్లు బోటర్ రాడ్లతో చిక్కుపడితే ఇద్దరి రోజూ పాడవుతుంది.

నా సంచిలో ఎప్పుడూ ఉండేవి మూడు ఏర్పాట్లు. మొదటిది డ్రాప్‌షాట్: కింద గుండు, దానికి జానెడో మూరెడో పైన కొక్కెం, కొక్కేనికి సన్నటి మెత్తటి పురుగు. రెండోది బరువే లేని ఐదంగుళాల మెత్తటి కడ్డీ ఎర, నడుముకు కొక్కెం గుచ్చి. మూడోది నెడ్ రిగ్: పుట్టగొడుగు తల ఉన్న చిన్న జిగ్గుకు (బరువు తల అతికించిన కొక్కెం) రెండున్నర, మూడు అంగుళాల ఎర ముక్క. ఈ మూడిటికీ స్పిన్నింగ్ రాడ్డు, సన్నటి అల్లిక దారం, చివర 6 లేక 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం చాలు. నాలుగో రాడ్డుకు నీటి పైభాగంలో వేగంగా లాగే ఎర ఏదైనా కట్టండి. ఐదోది బోటర్ ఫోనులో చెప్పిన నీటిని బట్టి.

రంగు సీసాల విషయంలో జాగ్రత్త. ఎర తోకకు అద్దే పచ్చరంగు ఒక్క చుక్క డెక్కు తివాచీ మీద పడితే ఇక పోదు. వాడితే పడవ బయటికి చేయి చాచి వాడండి, లేదా ఇంట్లోనే అద్దుకుని రండి.

5. రేవులో పనికొచ్చే మనిషిగా ఉండండి

చెప్పిన సమయానికి పావుగంట ముందు ఉండండి. ట్రెయిలరును వెనక్కి నడపడం వస్తే మీ విలువ అక్కడే రెట్టింపు అవుతుంది. రాకపోతే ఏదైనా ఆదివారం ఖాళీ పార్కింగ్ స్థలంలో నేర్చుకోండి. అది కూడా కుదరకపోతే "నాకు రాదు, తాడు పట్టుకుంటాను" అని నిజం చెప్పండి. రానిపని వచ్చని చెప్పి ఎవరి పడవకూ నష్టం తేకండి.

పడవ కదలకముందే నాలుగు సంగతులు అడిగి తెలుసుకోండి: ఇంజను ఆపే కిల్ స్విచ్ ఎక్కడ? తాళం ఎటు తిప్పాలి? మంటలార్పే సిలిండరు ఎక్కడ? విసిరే తేలుడు దిండు ఎక్కడ? 26 అడుగుల లోపు పడవల్లో నడిపే మనిషి కిల్ స్విచ్ తాడు తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ నుంచి అమెరికా ఫెడరల్ చట్టమే ఉంది. బోటర్ నీళ్లలో పడితే ఇంజను ఆగుతుంది. ఆ తర్వాత పడవను వెనక్కి తెచ్చి ఆయన్ను పైకి లాగవలసింది మీరే. ఈ ప్రశ్నలు అడిగినందుకు ఏ బోటరూ నొచ్చుకోవడం నేను చూడలేదు.

6. పరుగులో కుదురుగా కూర్చోండి

వీపు సీటుకు ఆనించి, పాదాలు నేలకు పరిచి, ఒక చేత్తో పిడి పట్టుకోండి. టోపీ తీసి జాకెట్ లోపల పెట్టండి. వదులుగా ఏదీ ఉంచవద్దు. ఎగిరే ఎర కొక్కెం మనిషికి తగిలితే ఆ రోజు అక్కడితో సరి, అందుకే రాడ్లన్నీ పట్టీ కింద ఉన్నాయని చేత్తో తడిమి చూడండి. పెద్ద అల వచ్చినప్పుడు మోకాళ్లు కొద్దిగా వదులు చేయండి, నడుము బిగబట్టకండి.

7. బోటర్ వదిలిన నీళ్లలో గాలం వేయండి

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, నిదానంగా చదవండి.

పడవను గడియారంలా ఊహించుకోండి. ముక్కు 12 మీద ఉంది. గట్టు మీ ఎడమ వైపు, అంటే 9 మీద. బోటర్ 10 నుంచి 12 దాకా వేస్తుంటారు. ఆ ముక్క ఆయనది. ఇక 9 నుంచి 6 మీదుగా 3 దాకా అంతా మీదే. పడవ నడుమ నుంచి గట్టుకు ఒక గీత గీస్తే, దాని ముందుకు మీ ఎర వెళ్లకూడదు. మొదటి పోటీలో నేను ఈ గీత దాటాను. ముందున్న పడిపోయిన చెట్టు నోరూరిస్తుంటే బోటర్ కన్నా ముందే దాని మీదకు విసిరాను. ఆయన ఏమీ అనలేదు, కానీ మధ్యాహ్నం దాకా మాట కూడా మాట్లాడలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు అసలు సూత్రం. బోటర్ చేసే దానికి తేడాగా ఏదో ఒకటి చేయండి: వేగమో, లోతో, పరిమాణమో, దిక్కో.

ఆయన వేగంగా లాగే ఎర వేస్తుంటే మీరు మెల్లగా మునిగేది వేయండి. ఆయన అడుగున జిగ్గు ఈడుస్తుంటే మీరు పైనీళ్లలో ఈదేది లాగండి. ఆయనది పెద్ద ఎర అయితే మీది చిన్నది. ఆయన గట్టు వైపు వేస్తుంటే మీరు పడవకు అవతలి వైపు లోతు నీళ్లలో ఒకటి రెండు సార్లు వేసి చూడండి. గట్టు వైపే చేపలన్నీ ఉంటాయని ఎవరూ చెప్పలేదు.

జార్జియాలోని లానియర్ సరస్సు మీద ఒక మధ్యాహ్నం. బోటర్ ఒక డాక్ ముందు మూలలు రెండిటికీ జిగ్గు వేసి, ఏ చేపా ఎరను కొట్టకపోతే ముందుకు కదిలారు. పడవ దాటిపోతుండగా వెనక స్తంభానికీ దాన్ని కట్టిన ఇనుప తాడుకూ మధ్య మూరెడు నీడ కనిపించింది. బరువు లేని కడ్డీ ఎరను అక్కడికి జార్చి చేయి కదపకుండా పదీ పన్నెండూ లెక్కపెట్టాను. దారం నీటి మీద వంపుగా తేలుతోంది. ఆ వంపు మెల్లగా, గాలికి ఎదురుగా, బెత్తెడు పక్కకు జరిగింది. చేతికి తగలలేదు, కంటికే కనిపించింది. దారం చుట్టి లాగితే మూడు పౌండ్లు దాటిన స్పాటెడ్ బాస్. బోటర్ ఆ డాక్‌ను వదిలి వెళ్లింది చేప లేదని కాదు, ఆయనకు ఇంకా 20 డాక్‌లు చూడాల్సి ఉంది. ఆయనకు లేని సమయం మీకుంటుంది. ముందున్న మనిషికి తొందర, వెనకున్న మనిషికి ఓపిక.

కదిలే పడవతో ఒక ఇబ్బంది ఉంది. పడవ ముందుకు పోతుంటే మీరు వెనక్కి వేసిన ఎర దానంతట అదే ఈడ్చుకు వస్తుంది, అడుగున నిలవదు. అందుకే అడుగున ఆడించే ఎరను 9 గంటల దిక్కులో వేసి, రీలు తెరిచే ఉంచి దారం వదులుతూ పోండి. ఎర అడుగుకు చేరాక మూయండి. ఒక్కో చోటికి రెండు మూడు కదుపులే దక్కుతాయి, అవి చాలు.

బోటర్ ట్రోలింగ్ మోటారును (పడవ ముక్కున ఉండే చిన్న కరెంటు మోటారు) ఒకచోట నిలిపి ఉంచే మీట నొక్కితే అదే మీ అదృష్టం. పడవ ముక్కు గాలి వైపు తిరుగుతుంది, వెనక డెక్కు గాలి వాలున ఉంటుంది. ఆ పది నిమిషాల్లో చిక్కులు విప్పుకోవడం, తినడం పెట్టుకోకండి.

ఈ మధ్య చాలామంది ప్రొఫెషనల్స్ పడవ ముందు నీళ్లలోని చేపలను చూపే సోనార్ తెర చూస్తూ గట్టుకు దూరంగా నడి సరస్సులోనే రోజంతా గడుపుతున్నారు. అప్పుడు మీకు వేయడానికి చెట్టూ ఉండదు, డాకూ ఉండదు. కంగారు పడకండి. స్టీరింగు దగ్గర ఉన్న తెరలో లోతు చూసుకోవచ్చా అని అడిగి, డ్రాప్‌షాట్‌ను పడవ కిందికే నిట్టనిలువుగా దించండి. బోటర్ చేప ఏ లోతులో పడిందో చూసి, అంత లోతుకు లెక్కపెట్టి దించండి.

ఒక్క మినహాయింపు. బోటర్ అదే ఎరతో వరసగా మూడు నాలుగు పట్టారంటే, తేడాగా చేయాలన్న నియమం పక్కన పెట్టి, "అలాంటిదే నేనూ వేయనా?" అని అడిగి వేయండి.

విసిరే ముందు ప్రతిసారీ వెనక్కి చూడండి. తల మీదుగా విసరడం మానేసి, పక్క నుంచి లేదా కింద నుంచి లోలకంలా ఊపి వేయడం ఇంట్లోనే సాధన చేసి రండి.

8. చేప పడ్డాక

బోటర్‌కు పెద్ద చేప తగిలితే మీ దారం వెంటనే పైకి తీసేయండి. వల పట్టనా అని అడగండి. పడితే, వలను నీళ్లలో నిలిపి ఉంచి చేప తల ముందుగా అందులోకి వచ్చేలా చూడండి. చేప వెంట వలను పరిగెత్తించకండి. దారాన్ని మాత్రం ఎప్పుడూ ముట్టుకోకండి.

మీ చేపను పట్టుకునే ముందు చేతులు తడపండి. పొడి చేయి, పొడి తివాచీ దాని ఒంటి జిగురును తుడిచేస్తాయి. కింది దవడ పట్టుకుని నిలువుగా ఎత్తండి. బరువైన చేపను దవడతో అడ్డంగా వంచకండి, రెండో చేయి కడుపు కింద పెట్టండి.

కొలిచేటప్పుడు నోరు మూసి, మూతి కొలబద్ద గోడకు ఆనించి, తోక రెండు అంచులూ కలిపి నొక్కండి. గీతను తాకుతోందా లేదా అని రెండోసారి చూడాల్సి వచ్చిందంటే ఆ చేపను వదిలేయండి. పడవలోని నీటి తొట్టిలో గంటలకొద్దీ ఉన్న చేప తూకం దగ్గర కొద్దిగా పొట్టిగా తేలవచ్చు. పొట్టి చేప తెస్తే అది పోవడమే కాదు, చాలా పోటీల్లో పైన జరిమానా కూడా పడుతుంది.

నీటి తొట్టిలో వేసేముందు మీ రంగు టాగు తగిలించండి, ఏ చేప ఎవరిదో అన్న అనుమానం రాకూడదు. మీ పరిమితి ఐదు అయితే ఆరోది పడిన వెంటనే, మళ్లీ గాలం వేయకముందే, చిన్నదాన్ని త్రాసుతో చూసి వదలండి. "ఇంకొక్కసారి వేసి చూస్తాను" అని ఆరు చేపలతో గాలం వేయడం నిబంధన ఉల్లంఘనే.

9. తూకం దాకా ప్రాణంతో

తొట్టిలోకి గాలి పంపు నడుస్తోందా అని గంటకోసారి మూత తీసి చూసుకోండి. చేప వెల్లకిలా తిరుగుతుంటే బోటర్‌కు వెంటనే చెప్పండి. తూకానికి తీసుకెళ్లే సంచిలో సగానికి పైగా నీళ్లు నింపి, వరసలో మీ ముందు ఇద్దరు ముగ్గురు మిగిలినప్పుడే చేపలను అందులోకి మార్చండి. నీళ్లులేని సంచితో ఫొటోలకు నిలబడడం వల్ల చచ్చిన చేపలను చాలా చూశాను, చూసిన ప్రతిసారీ బాధే. 1972 నుంచి ఈ పోటీల్లో చేపను బతికించి వదలడం ఒక ఉద్యమంగా సాగుతోంది. మీరు వదిలే చేప రేపు ఇంకొకరి చేతికి రావాలి.

తరచూ జరిగే పొరపాట్లు

ఉదయం అంతా బోటర్ ఎరనే అనుకరించి, చేప పడక, 11 గంటలకు గాభరాగా ఒకదాని తర్వాత ఒకటి ఎరలు మార్చడం. మార్చాలనుకుంటే ఎర కాదు, ముందు దిక్కో వేగమో మార్చండి.

"ఆ మూలకు వెళ్దామా?" అని బోటర్‌కు సలహా ఇవ్వడం. అడిగితేనే చెప్పండి. చాలా పోటీల్లో దారి చూపడం కో-యాంగ్లర్‌కు నిషేధం కూడా.

బోటర్ చేపల చోటును ఫోనులో గుర్తు పెట్టుకోవడం, లేదా మర్నాటి బోటర్‌కు చెప్పడం. ఇది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. మీ ఎదుట తమ కష్టాన్ని తెరిచి పెట్టిన మనిషికి చేసే ద్రోహం.

మౌనాన్ని కోపం అనుకోవడం. చాలామంది పని మీద ధ్యాసతో మాట్లాడరు. అయితే బోటర్ కావాలనే ప్రతిచోటా పడవను మీకు అడ్డంగా తిప్పుతుంటే ఊరుకోనక్కర్లేదు. ఒకసారి మర్యాదగా చెప్పండి. మారకపోతే రోజు ముగిశాక నిర్వాహకులకు చెప్పండి. నీటి మీద గొడవ వద్దు.

రెండు మూడు చేపలే ఉన్నాయని తూకానికి వెళ్లకపోవడం. కో-యాంగ్లర్ విభాగంలో చాలామందికి పరిమితి నిండదు. రెండు మంచి చేపలు డబ్బు తెచ్చిన రోజులున్నాయి. ఏడాది పాయింట్లకు ప్రతి ఔన్సూ లెక్కే.

సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది?

పట్టికలో మీ స్థానం ఒక్కటే చూడకండి, ఒక్క రోజు అదృష్టం దాన్ని తారుమారు చేస్తుంది. ఇంటికి వెళ్లే ముందు కారులో కూర్చుని నాలుగు లెక్కలు రాసుకోండి: ఎన్ని చేపలు ఎరను కొట్టాయి, అందులో ఎన్ని పడవలోకి వచ్చాయి, ఒక్కో చేప ఏ దిక్కు, ఏ లోతు, ఏ ఎరకు పడింది, మీ ఎర నీళ్లలో లేకుండా వృథా అయిన సమయం ఎంత. ఎనిమిది కొట్టి రెండే పడవలోకి వస్తే మీ ఇబ్బంది చోటు కాదు, కొక్కెం పదునో ముడో చూసుకోండి. ఏదీ కొట్టకపోతే బోటర్‌కు ఎన్ని పడ్డాయో పక్కన రాయండి. ఆయనకూ ఏమీ లేకపోతే ఆ రోజు సరస్సుదే. ఆయనకు 15 పడి మీకు సున్నా అయితే లోతు తప్పారు, లేదా ఆయన వెనకే అదే ఎరతో నడిచారు. నా లెక్కల్లో అన్నిటికన్నా కళ్లు తెరిపించింది చివరి లెక్క: మొదటి ఏడాది చిక్కులు విప్పడంలో, ఎరలు కట్టడంలో రోజుకు రెండు గంటలకు పైగా పోయేవి. రాడ్లు ఎనిమిది నుంచి ఐదుకు తగ్గించాక అవి అరగంటకు దిగాయి, తొట్టిలో చేపలు పెరిగాయి.

మర్నాడు ఉదయం బోటర్‌కు ఒక సందేశం పంపండి. నన్ను మీ పడవలో తీసుకెళ్లినందుకు ధన్యవాదాలు, ఫలానా దగ్గర మీరు చేసింది చూసి ఇది నేర్చుకున్నాను అని రెండు వాక్యాలు. నాకు మూడు రోజుల పోటీకి సాధన రోజుల్లో పడవలో చోటు ఇచ్చినవాళ్లు ముగ్గురు. ముగ్గురూ అంతకుముందు నాతో జత పడినవారే.